పచ్చబొమ్మ వెలిగినంతసేపు

శ్రీవారికి నమస్కారం.

ఇక్కడ పాపా, నేనూ, అత్తయ్యా ముగ్గురం క్షేమమే. మీరక్కడ ఆనకట్ట పనిలో వేళకు తింటున్నారనీ, నిద్ర ఆపుకుంటూ బండి నడపడం లేదనీ అనుకుంటున్నాను. క్షేమమే అన్న మాటలో ఒకరి సంగతి కాస్త వివరంగా రాయాల్సి ఉంది. అది దాని చోట వస్తుంది. పేజీలు తిప్పేసి ముందు అదే చదవకండి, మీకా అలవాటుంది.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కుళాయి బాగయింది. పాప లెక్కల్లో గట్టెక్కింది. డ్రాయింగులో మాత్రం టీచరు బొమ్మ వేసి టీచరుకే చూపించి చివాట్లు తింది. ఉత్తరం చివర అమ్మ తన రెండు ముక్కలు ఎందుకు రాయడం లేదని అడిగారు, చెబుతాను. ఇక ఆఖరిది. "మన ఇంటిముందు సిగ్నల్ దగ్గర లారీల్ని అంతసేపు నిలబెట్టిన మహానుభావుడెవరో కనుక్కో, ఫ్యాక్టరీకి మట్టి తోలే మావాళ్ళు లబోదిబోమంటున్నారు" అని రాశారు. కనుక్కోవడానికి నేను కుర్చీలోంచి లేవక్కర్లేకపోయింది. ఆ మహానుభావురాలు మీ ఇంట్లోనే ఉంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను మునిసిపల్ ఆఫీసులో ఏం చేస్తానో మీరు పట్టించుకోలేదని తేలిపోయింది. సిగ్నల్లో ఏ దీపం ఎంతసేపు వెలగాలో లెక్కకట్టేదాన్ని నేనే.

మీరు వెళ్ళాక మన రోడ్డు వెడల్పు చేశారు. మీరున్నప్పుడు నాలుగంగల్లో దాటేసేవాళ్ళం. ఇప్పుడు అటు రెండు లారీలు, ఇటు రెండు లారీలు పక్కపక్కన పోయేంత అయింది. అవతలి పక్కన కుట్టుమిషను పిన్ని కొట్టు అలాగే ఉంది. రోజూ పొద్దున్నే అత్తయ్య గుండీల డబ్బా చంకన పెట్టుకుని అక్కడికి వెళ్ళడం, పిన్ని కుట్టిన చొక్కాలకు గుండీలు కుడుతూ ఊళ్ళోవాళ్ళందరి మీదా దుమ్మెత్తిపోయడం, మధ్యాహ్నానికి హుషారుగా ఇంటికి రావడం మీకు తెలిసిందే. అందుకని మనుషులు దాటే పచ్చబొమ్మ ఎంతసేపు వెలగాలో లెక్క వేసినప్పుడు అత్తయ్య నడకనే మనసులో పెట్టుకున్నాను. ఇంట్లో మనిషి కోసం చేశానని ఎవరైనా అంటే కాదనను. మా లెక్కల పుస్తకాల్లో రోడ్డు దాటేది ఎప్పుడూ పాతికేళ్ళ కుర్రాడే, పైగా వాడి చేతిలో సంచీ కూడా ఉండదు.

టైల్స్ ఫ్యాక్టరీ వాళ్ళు దాని మీద అర్జీ పెట్టారు. లారీలు గేటు దాకా బారులు తీరుతున్నాయనీ, మట్టి వేళకు అందక బట్టీ ఖాళీగా మండుతోందనీ వాళ్ళ గోల. వాళ్ళ బాధ అబద్ధమని నేననను. అయితే మా పెద్ద ఇంజనీరు గారు గొడవ తీర్చడానికి ఒక కెమెరా తెప్పించారు. అది స్తంభం మీద కూచుని, దాటేవాళ్ళు ఎంత వేగంగా దాటుతున్నారో తనంతట తనే లెక్కపెడుతుంది. జనం పచ్చబొమ్మ ఆరకముందే దాటేస్తున్నారు, బోలెడంత సమయం మిగిలిపోతోంది అని చెప్పింది. ముసలివాళ్ళ సంగతేమిటండీ అని అడిగాను. "వాళ్ళనీ కొలుద్దాం. మీ అత్తగారున్నారుగా, తీసుకురండి" అన్నారాయన.

అత్తయ్యకి చెప్పాను. ఎప్పుడూ నడిచినట్టే నడవండి, అంతే అని మరీమరీ చెప్పాను. ఆవిడ దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని, కొత్త చెప్పులు వేసుకుని వచ్చారు. ఒక పక్క మా ఇంజనీరు గారు, ఒక పక్క ఫ్యాక్టరీ మేనేజరు, మధ్యలో నేను. పచ్చబొమ్మ వెలిగింది. మీ అమ్మగారు తల పైకెత్తి, ఎవరో తరుముతున్నట్టు ఒకటే పరుగు! అవతలి గట్టు ఎక్కి, పరీక్ష పాసయిన పిల్లలా నావైపు తిరిగి చూశారు. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"మీ అత్తగారే కేసు తేల్చేశారమ్మా" అన్నారు మా ఇంజనీరు గారు. ఆ వారంలోనే పచ్చబొమ్మకి కోత పడింది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఎందుకత్తయ్యా అలా పరిగెత్తారు?"

"మరేం చెయ్యమంటావే? అంతమంది ఆఫీసర్ల ముందు నీ పరువు తియ్యమంటావా? వీళ్ళ అత్తకి నడక కూడా చేతకాదు అనిపించుకోనా?" అన్నారు. నా మీద ప్రేమకొద్దీ పరిగెత్తిన మనిషిని ఏమని కోప్పడను?

ఆ తర్వాత ఆఫీసులో కూచుని కెమెరా పట్టిన బొమ్మలన్నీ చూశాను. ఆ రోడ్డు మీద ఎవరూ నడవడం లేదండీ. సంచులు మోసే ఆవిడ పరిగెడుతోంది, చంటిపిల్లని ఎత్తుకున్నావిడ పరిగెడుతోంది, చేతికర్రతో ఒకాయన కర్ర గాల్లోకెత్తి మరీ గెంతుతున్నాడు. సమయం చాలదని వాళ్ళు పరిగెడుతున్నారు. వాళ్ళు పరిగెడుతున్నారు కాబట్టి సమయం చాలుతోందని కెమెరా రాసుకుంటోంది. ఇంకా తగ్గిస్తే ఇంకా పరిగెడతారు, అప్పుడది ఇంకా తగ్గించవచ్చు అంటుంది. ఇదంతా కాగితం మీద పెట్టి ఇచ్చాను. మా ఇంజనీరు గారు చెడ్డవారేం కాదు, ఓపిగ్గా చదివారు. చదివి, "దాటగలుగుతున్నారు కదమ్మా" అన్నారు.

ఇప్పుడు అత్తయ్య సంగతి. మీకు చెప్పనని ఆవిడకి మాటిచ్చాను, ఆ మాట ఈ పేజీలో తప్పుతున్నాను. పచ్చబొమ్మ తగ్గించాక ఒకరోజు పొద్దున్న ఆవిడ రోడ్డు మధ్యలో ఉండగానే ఎర్రబొమ్మ వచ్చేసింది. పరిగెత్తబోయి పడ్డారు. గుండీలన్నీ రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. మొదటి లారీ మీ స్నేహితుడు, ఆ మట్టి తోలే మీసాలాయనది కావడం మన అదృష్టం. బ్రేకు తొక్కి, దిగి, వెనకాల లారీలకి చేతులడ్డం పెట్టి నిలబడ్డాడట. ఎముక విరగలేదు. మోకాలు వాచిపోయింది, డాక్టరు పట్టీ వేశాడు, ఇప్పుడు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. "వాడికి రాయకు. అక్కడ కొండల్లో బండి తోలేవాడు మనసు ఇక్కడ పెట్టుకుని తోలకూడదు" అన్నారు. ఉత్తరంలో ఆవిడ రెండు ముక్కలు లేకపోవడానికి కారణం అదీ. రాస్తే నిజం రాసేస్తానేమోనని భయం.

కాలు బాగవుతోంది గానీ, గుండీల డబ్బా మాత్రం పాప చేత పిన్నికి తిరిగి పంపించేశారు. ఇక ఆ పని వద్దులే అన్నారు. అప్పట్నుంచీ కిటికీ దగ్గర కూచునేవారు. అవతల పిన్ని కొట్టు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపితే ఈవిడ చూడనట్టు తల తిప్పుకునేవారు. నాకు ఏడుపొచ్చింది, రాయడానికి సిగ్గేం లేదు.

మా ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి ఇంకొక్కసారి కొలవమన్నాను. ఆయన ఒప్పుకున్నారు. అత్తయ్య ఒప్పుకోలేదు.

"ఈసారి నా పరువు తీసి పెట్టాలత్తయ్యా" అన్నాను.

"అంతమందిలో ఓడిపోయి చూపించమంటావా?"

"అవును."

రాత్రి నావైపు వీపు తిప్పి పడుకున్నారు. పొద్దున్నే పాత చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

మీసాలాయన నా కబురందుకుని తన లారీ ముందు వరసలో ఉండేట్టు చూసుకున్నాడు. పచ్చబొమ్మ వెలిగింది. అత్తయ్య చేతికర్రతో, ఒక్కో అడుగూ వేసుకుంటూ నడిచారు. సగం దాటకముందే ఎర్రబొమ్మ. పరిగెత్తి వెళ్ళి చెయ్యి పట్టుకుందామని కాళ్ళు లాగాయి, పట్టుకుంటే లెక్క చెడుతుందని ఆగాను. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. మీసాలాయన ఇంజను ఆపేసి, తాళం చెవి తీసి కిటికీలోంచి అందరికీ చూపించాడు. ఒక్కో ఇంజనే ఆగిపోయింది. ఆ రోడ్డు మీద చేతికర్ర చప్పుడు వినపడ్డం అదే మొదటిసారి. అవతలికి చేరాక ఆవిడ నావైపు చూడలేదు. పిన్ని మెట్టు మీద కూచుని, పిన్ని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చారు. మా ఇంజనీరు గారు లెక్క రాసుకున్నారు. మేనేజరు తన చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

పచ్చబొమ్మ సమయం మళ్ళీ పెంచారు, మొదటికన్నా ఇంకాస్త ఎక్కువే. ప్రస్తుతానికి అన్నారు గనుక నేను పొంగిపోవడం లేదు. లారీలకి ఫ్యాక్టరీ ఆవరణలోనే ఆగే చోటు చూస్తామంటున్నారు. మీవాళ్ళు నన్ను తిట్టుకుంటూనే ఉన్నారని మీసాలాయన నవ్వుతూ చెప్పాడు. మీ పేరు కూడా కలుపుకుని తిడుతున్నారట, వినడానికి బాగుంది. గుండీల డబ్బా తిరిగి అత్తయ్య చంకలోకి వచ్చింది. ఇప్పుడావిడ కాలు బాగున్న రోజున కూడా నిదానంగానే దాటుతున్నారు. ఎందుకత్తయ్యా అంటే, "నా టైము నాకిచ్చారుగా, ఇంకా పరుగెందుకూ?" అన్నారు.

మీరు సెలవు దొరకగానే ఏదో ఒక లారీ పట్టుకునే వస్తారు, బస్సెక్కడం మీకు నామోషీ. మన సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తుంది. ముందర ఒక పెద్దావిడ డబ్బా పట్టుకుని తీరిగ్గా దాటుతూ ఉంటారు. హారన్ మీద చెయ్యి వెయ్యకండి. ఆవిడ ఇప్పుడు ఏ లారీ వైపూ తల తిప్పడం లేదు, మీవైపూ తిప్పరు. అవతలి గట్టు ఎక్కేదాకా ఆగి, అప్పుడు అమ్మా అని పిలవండి.

ఇట్లు,
లారీలు ఆపే మీ ఇల్లాలు