కొమ్మ విరిగిన నిమ్మచెట్టు

ముఖ్య ఇంజినీరు గారి సముఖమునకు,
గృహనిర్మాణ అనుమతుల విభాగము, తూర్పు తీర మండలము.

అయ్యా,

విషయం: ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో గీసిన నక్షాలను స్వీకరింపజేయుట గురించి, మరియు తమ క్రింది అధికారి ఇంజినీరు షాకిర్ దర్వీష్ గారు నా నక్షాలోని నిమ్మచెట్టును దొంగిలించుట గురించి.

ఆర్కిటెక్టు ఫహ్మీ బస్తవ్రోస్ అను నేను విన్నవించుకొనునది:

1. ఉమ్మ్ సాబిర్ అను వితంతువు ఇంటి కప్పు ప్రమాదకరముగా ఉన్నదని తమ కార్యాలయమే నోటీసు ఇచ్చి, వేసవిలో కూల్పించినది. కొత్త కప్పుకు నక్షా గీయు పని నాకు వచ్చినది. కప్పు తీయడానికి తమవారికి ఒక పూట పట్టింది. తిరిగి వేసుకోవడానికి అనుమతి ఇప్పటికీ రాలేదు. ఆమె, ఇద్దరు మనవలు నీలం పరదా కింద పడుకుంటున్నారు. వచ్చే వారం, ఏటా ఈ రోజుల్లో తీరమంతా ఊడ్చిపెట్టే చీపురు తుఫాను. దానికి ఆ పేరు ఎందుకు పెట్టారో సముద్రం ఒడ్డున పుట్టిన తమకు నేను చెప్పనక్కరలేదు.

2. సదరు నక్షాను ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో గీసితిని. దాని లోపలి రాతను ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు, పదిమందికి పంచవచ్చు; అద్దె లేదు. మన పౌండు విలువ పడిపోయాక కంపెనీ ప్రోగ్రాముకు డాలర్లలో అద్దె కట్టడం నా తరం కాలేదు. ఇందులో సిగ్గుపడవలసినది నాకేమీ కనబడలేదు. షాకిర్ గారికి కనబడినది.

“ఊరికే వచ్చిన ప్రోగ్రామా? ఊరికే వచ్చిన చెప్పులేసుకుని పెళ్ళికెళ్తావేంటయ్యా ఫహ్మీ?” అని వసారాలో అందరి ముందూ అన్నారు.

“ఏ ప్రోగ్రామైనా చదివే ఫైలు కూడా పెట్టాను సార్. పోనీ కాగితం చూడండి. దూలాలు, కొలతలు అన్నీ ఉన్నాయి.”

“అందరూ చదివేదైతే ఇక్కడ నేనెందుకు? కంపెనీ ఫైలు తే. రేపు రా.”

తమ కార్యాలయపు ప్రోగ్రాము డబ్బు కట్టి కొన్నదేనా అని వినయముగా అడిగితిని. జవాబుగా ఆయన తనకు టీ తెప్పించుకున్నారు.

3. గత్యంతరము లేక, ఆర్కిటెక్చరు చదువుతున్న మా చెల్లెలి కూతురు కంప్యూటరులో నా నక్షాను కంపెనీ ఫైలుగా మార్పించితిని. విద్యార్థులకు కంపెనీ ఇచ్చే ప్రోగ్రాము అది. అందులోనుంచి వచ్చిన ప్రతి నక్షాకూ నాలుగు అంచుల మీద “విద్యార్థి అభ్యాసమునకు మాత్రమే” అని అచ్చు పడుతుంది. అందులోని చిన్న ముక్కను వేరే నక్షాలో అతికించినా ఆ గుర్తు అక్కడికీ అంటుకుంటుంది. షాకిర్ గారు ఆ కాగితాన్ని అందరికీ ఎత్తి చూపి, “ఈ వయసులో బళ్ళో చేరావా? పలక కూడా తెచ్చావా?” అని నవ్వారు. విద్యార్థి గుర్తు ఉన్న నక్షా చెల్లదని ఎర్ర సిరాతో రాశారు. కాగితము తిరిగి ఇచ్చారు, ఫైలు ఇవ్వలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నాకు పగ లేదని రాస్తే అది అబద్ధపు అర్జీ అవుతుంది.

5. (నాలుగవ అంశమును మా ఆవిడ కొట్టివేయించినది. అటువంటి మాటలు అర్జీలో రాయకూడదట.)

6. సదరు ఫైలులో ఉమ్మ్ సాబిర్ పెరటి నిమ్మచెట్టు ఉన్నది. కప్పు కూల్చిన రోజు తమవారు పడేసిన దూలము తగిలి దాని పెద్ద కొమ్మ విరిగినది. నేను బాగు చేసి గీయబోతే ఆ తల్లి ఒప్పుకోలేదు. “విరిగింది విరిగినట్టే గియ్యి నాయనా. బాగుచేసి గీస్తే వాళ్ళు విరగ్గొట్టలేదంటారు,” అన్నది. ఆకు ఆకునా శ్రద్ధగా గీసితిని. అటువంటి చెట్టు వేరొకరి నక్షాలో ఉండదు.

7. కాని ఇప్పుడు ఉన్నది. షాకిర్ గారు తన బావమరిది పేరుతో నడిపే ప్రైవేటు ఆఫీసులో నా చెట్టును ఎత్తుకుపోయి, గీసిన ప్రతి ఇంటి ముందూ నాటినారు. చెట్టుతోపాటు గుర్తూ వెళ్ళినది. మొన్న ఆ బావమరిది తేలు కుట్టిన దొంగలా మా ఇంటికి వచ్చాడు.

“అన్నా, నీ ప్రోగ్రాంలో ఆ మచ్చ పోతుందంటగా. కాస్త తుడిచిపెట్టవా?”

“ఊరికే వచ్చిన ప్రోగ్రాం తమ్ముడూ. పెళ్ళికి పనికిరాదు,” అన్నాను. అయ్యా, చాలాకాలానికి ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

8. అతడు విప్పి చూపిన నక్షాలలో అన్నిటికన్నా పెద్దది సముద్రము వైపు కడుతున్న తమ వేసవి ఇల్లు. ద్వారానికి రెండు వైపులా రెండు నిమ్మచెట్లు, రెంటికీ ఒకే కొమ్మ విరిగినది. నాలుగు అంచులా “విద్యార్థి అభ్యాసమునకు మాత్రమే”. అటువంటి నక్షా చెల్లదన్న నియమము షాకిర్ గారిది, నాది కాదు. ఎర్ర సిరాతో రాసిన ఆ కాగితము నా దగ్గర భద్రముగా ఉన్నది.

కావున ప్రార్థన ఏమనగా: ఉమ్మ్ సాబిర్ కప్పుకు, నేను మొదట ఇచ్చిన ఓపెన్ సోర్స్ నక్షా మీదనే అనుమతి సంతకము చేయవలెను. ఇకమీదట ఎవరు ఏ ప్రోగ్రాములో గీసినా, అందరూ చదవగల ఫైలును స్వీకరించవలసినదని ఉత్తర్వు ఇవ్వవలెను. షాకిర్ గారు ఒక ఉదయము, మేము కాచుకుని కూర్చునే వసారాలోని కాలు విరిగిన కుర్చీలో కూర్చుండవలెను. ఆయనకు “రేపు రా” అని చెప్పు అధికారము నాకు ఇప్పించవలెను. చివరి రెండూ ఇవ్వలేకపోయినా సహిస్తాను. మొదటిది అందిన గంటలో తమ ఇంటి నక్షాను శుభ్రము చేసి పంపెదను.

వాన పడకముందే చిత్తగించవలెను.

తుఫాను వచ్చువరకు తమ విధేయుడు,
ఫహ్మీ బస్తవ్రోస్

తా.క.: గుర్తు లేని నిమ్మచెట్టు ఫైలు ఇందుతో జతపరిచాను. అడిగి ఉంటే షాకిర్‌కి కూడా ఊరికే ఇచ్చేవాణ్ణి. మీ ఇంటి ముందు పెట్టుకోండి, ఊరంతా పెట్టుకోనివ్వండి, నాకు పైసా వద్దు. మా ఓపెన్ సోర్స్ వాళ్ళకి చాలాచోట్ల ఒకటే షరతు: తీసుకున్నవాడు కింద ఉన్న పేరు చెరపకూడదు. చెట్టు కింద రాసి ఉంది, చూడండి: “ఉమ్మ్ సాబిర్ గారి నిమ్మచెట్టు. కొమ్మ విరగ్గొట్టినది అనుమతుల విభాగము.”