మూడో చరణం

బావగారికి,

నేను కట్టిన కీర్తనను జ్ఞాపకార్థ ఆరాధనలో పాడడానికి మీ చర్చి క్వయర్ నేర్చుకుంటోందని తెలిసింది. దయచేసి పాడించకండి.

మీ చెల్లెలు నిద్రలోనే పోయిందని అందరికీ చెప్పాను. అది అబద్ధం. ఆ మధ్యాహ్నం నేను పక్కగదిలో, ఆమె స్వస్థత కోసమే ఆ కీర్తన కడుతున్నాను. మూడో చరణంలో నాలుగు గొంతులకూ రాస్తున్న స్వరాలు ఎంతకీ కలవడం లేదు.

"ఏమండీ, ఒకసారి రండి, ఆయాసంగా ఉంది" అని పిలిచింది.

రోజూ వచ్చే ఆయాసమే అనుకున్నాను. "వస్తున్నా, ఈ ఒక్క చరణం అయిపోనీ" అన్నాను.

మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు బాగా తగ్గింది. నేను ఆర్గన్ మీంచి చేతులు తియ్యలేదు. చివరికి చరణం కుదిరింది. ఆమెకు వినిపిద్దామని కాగితం పట్టుకుని సంబరంగా వెళ్ళాను. అప్పటికే ప్రాణం పోయింది.

పాస్టరుగారు ఆ చరణం విని, "ఇది నువ్వు కట్టింది కాదు బాబూ, దేవుడే ఇచ్చాడు" అన్నారు. తలూపి వచ్చేశాను. అప్పట్నుంచి మోకరిస్తే ఒక్క మాటా రావడం లేదు.

ఇది చదివాక మీరు నా గుమ్మం తొక్కకపోయినా తప్పు పట్టను. అత్తయ్యగారు మాత్రం నాకు ఓదార్పు కలగాలని రోజూ ఉపవాస ప్రార్థన చేస్తున్నారట. ఆవిడకి చెప్పాలో వద్దో మీరే నిర్ణయించండి.

మీ చెల్లెలి భర్త