అత్త పడని ఫోటోలు

జూన్ 27
పెద్దమామ ఫోన్. ఊళ్లో ఇల్లు పడగొట్టేస్తారట. తిరుమంగళం హైవే పక్కన ఇప్పుడు ఎవరిని కదిలించినా గోడౌనే కావాలంటున్నారు. "ఆడి నెల పుట్టేలోపల ముడివు చేసేయాల పాపా. నీకూ తెలిసుండనీ అని చెప్తిని." ఆడి పుడితే మావాళ్లు మంచి పని ఏదీ మొదలుపెట్టరు, అందుకే ఈ తీర్మానం తొందర. మదురైలో ఉన్న చిన్నమామ కూడా సరేనన్నారట.

మరి రంగత్త? ఆమె భర్త నడిపిమామ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఉంటున్నది ఆమె ఒక్కతే. "దానికేం, మా ఇంటికి రానీ. ఒక రూము ల్యాదా?" అన్నారు. రూము ఉంది. పొయ్యి ఉండదు. పొద్దున్నే స్కూలు టీచర్లకు ఇడ్లీ వేసి పంపే మనిషిని తీసుకొచ్చి టీవీ ముందు కూర్చోబెడతారు. నా ఒళ్లు మండిపోయింది. "సరే మామా" అని పెట్టేశాను.

తెలుగులో రాస్తే ఒక సుఖం. మాట్లాడేది తెలుగే అయినా మా ఇంట్లో ఎవరికీ చదవరాదు. హైదరాబాద్ ఉద్యోగంలో నేను సంపాదించింది ఈ లిపి ఒక్కటే.

జూన్ 29
మళ్లీ నేనే ఫోన్ చేశాను. నన్ను ఒకసారి ఇల్లు ఫోటోలు తీయనివ్వండి, అవి చూశాక కూడా కొట్టాలనిపిస్తే కొట్టండి అన్నాను. నవ్వారు. "ఫోటో తీస్తే పైకప్పు కారేది నిలిచిపోతుందా?" అని. చివరికి ఒప్పుకున్నారు.

ఊరందరి ఇళ్లూ ఫోటోలు తీస్తాను. ఆర్కిటెక్టులకు, షోరూములకు, ఎవడు పిలిస్తే వాడికి. మా అమ్మ పుట్టిన ఇంటిని ఒక్కసారీ తీయలేదు.

జూలై 1
నేనుండే సింగానల్లూరులో తెల్లవారుజాము బస్సు. మదురైలో మారి, తిరుమంగళంలో ఆటో. ట్రైపాడ్‌కు కూడా టికెట్ అడిగాడు కండక్టర్. గొడవ పడ్డాను.

అత్త తిన్నె మీద ఉల్లిపాయలు తరుగుతోంది. "ఏమే కన్నూ, ఈ ఎండలో వచ్చినావే! మొదట నీళ్లు తాగు. మామోళ్లు ఏమంటారు?"
"ఫోటోలు బాగుంటే కొట్టరంట అత్తా."
"అట్లయితే బాగా తీయే తల్లీ" అంది. నవ్వుతూనే అంది గానీ కత్తి ఆగిపోయింది.

జూలై 2
ఖాళీ చేయడమే రోజంతా. ఇంటి నడుమ, ఆకాశం కనిపించే తొట్టిలో ఏముండకూడదో అవన్నీ ఉన్నాయి. బట్టల తీగ, ప్లాస్టిక్ కుర్చీలు, గ్యాస్ సిలిండర్లు, మూడు క్యాలెండర్లు. పిండి గ్రైండర్ ఇద్దరం కలిసి పెరట్లోకి లాగాం.
"ఇదీ తీయాల్నా?"
"తీయాలత్తా."
"సరి, సరి."
ఒక్క మాట విసుగు లేదు. రేపటి ఇడ్లీ ఎలా అని కూడా అడగలేదు. పెరట్లోనే పొయ్యికి మూడు రాళ్లు పెట్టుకుంది.

లోపలి హాలు చీకటి. కెమెరాను అర నిమిషం తెరిచి ఉంచితే తప్ప స్తంభాలు రావు. మధ్యలో అత్త బిందెతో అటూ ఇటూ పోయింది. "అయ్యో, అడ్డం వస్తినే! పాడైపోయిందా?"
"నడిచే మనిషి పడదత్తా. ఒకచోట ఉంటేనే పడేది."
"అట్లనా! మంచిదే పో."
తెరమీద చూపించాను. స్తంభాలు, నేల, వెలుగు. అత్త లేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

జూలై 3
మబ్బు. పని లేదు. ఇడ్లీలు తిని పడుకున్నాను.

జూలై 4
దొరికింది! పది దాటాక తొట్టిలో ఎండ ఏటవాలుగా దిగి, పడమటి స్తంభాల మీదుగా హాల్లోకి పాకింది. కెమెరాను నేలకు దించి, గీతలన్నీ నిట్టనిలువుగా సరిచేసి తీశాను. ఇన్నేళ్లలో ఇంత మంచి ఫ్రేము పడలేదు నాకు. గట్టిగా అరిస్తే అత్త పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది, పాము అనుకుని.

జూలై 6
సింగానల్లూరు. కరెంటు వైర్లు చెరిపాను, గోడ మీది నూనె మరక చెరిపాను. మామలిద్దరికీ పంపాను.

జూలై 8
పెద్దమామ ఫోన్ చేశారు. "ఆ స్తంభం కాడనే పాపా, నాకు అమ్మవారు పోసినప్పుడు మా అమ్మ పడుకోబెట్టింది. ఇంత అందమైన ఇల్లా మనది! కొట్టేది ల్యా." ఎగిరి గంతేశాను.

అత్తకు ఫోన్ చేసి చెప్పాను. "సామి మీద ఒట్టు పెట్టి చెప్పు." పెట్టాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.

జూలై 10
చిన్నమామ ఆ ఫోటోలు ఎవరికో చూపించారు. పాత ఇళ్లు తీసుకుని టూరిస్టులకు అద్దెకిచ్చేవాళ్లు. చూడగానే కావాలన్నారట. ఇల్లంతా, వంటిల్లుతో సహా. ఆడి పుడితే మళ్లీ నెల ఆగాలి గనక, సోమవారమే అందరూ కలిసి ఇంటికి వచ్చి మాట ఖాయం చేసుకుంటారు.

"మరి అత్త?"
"ఇల్లు నిలిస్తే చాలంటివి గదమ్మా. నిలుస్తుంది గదా." ఆయన గొంతులో కపటం లేదు. నాకు మంచి చేశాననే అనుకుంటున్నారు. "వదిన పెద్దన్న ఇంట్లో ఉంటుంది. వాళ్లు అడిగిరి, ఎవరైనా ఉండారా అని. సుమ్మా, ఊరికే ఖాళీ ఇల్లేనండి, ఫోటోలో చూస్తిరి గదా అంటిని."

ఫోటోలన్నీ మళ్లీ తెరిచాను. ఒక గరిటె లేదు. ఒక తడి అడుగు లేదు. ఆ ఇంట్లో ఎవరైనా అన్నం తింటారని ఎవరూ అనుకోరు. గోడౌన్ అయితే గోడలు పోయేవి. నేను గోడలు కాపాడి మనిషిని బయటికి పంపుతున్నాను.

జూలై 11
మా అమ్మ దగ్గరున్న ఆల్బములన్నీ తిరగేశాను. నడిపిమామ పోయిన తరవాత అత్త ఒక్క పెళ్లి ఫోటోలోనూ లేదు. అందరం వరసగా నిలబడే సమయానికి, "మీరు నిలుచుకోండి" అంటూ అందరి చేతి సంచులూ తీసుకుని పక్కకు పోతుంది. పొమ్మని ఎవరూ అనరు. అనాల్సిన అవసరం రానివ్వదు. మా ఇళ్లలో మొగుడు పోయిన ఆడది అలా తప్పుకోవడం ఎంత మామూలంటే, ఖాళీ ఫ్రేము చూసి నాకూ ఏమీ అనిపించలేదు. గ్రైండర్ తీయించానని తెలుసు. అత్తను తీయించానని ఇవాళ తెలిసింది.

జూలై 12
మళ్లీ ఊరు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అత్త ఇడ్లీ గుంటల్లో పిండి పోస్తోంది. పోయడం ఆపలేదు.
"ఇల్లు ఉంటుంది గదా."
"నీకు ఉండదత్తా."
పిండి అయిపోయాక అంది, "నాకు ఆ ఇంటికి పోవాలని ల్యా కన్నూ. బావ మంచాయనే. అయినా ఒకరి ఇంట్లో ఎప్పుడు లేయాల, ఎప్పుడు పడుకోవాల అని చూసుకుంటా ఉండాల. భయంగా ఉండాది."
ఇంతకాలంలో అత్త నోట భయం అన్న మాట విన్నది ఇదే మొదలు.

గ్రైండర్ లోపలికి లాగాం. బట్టల తీగ కట్టాం. సాయంత్రం దాకా తీశాను. వంటింటి పొగ, తడి నేల, పెరటి గుమ్మంలో క్యారియర్లు. స్థలం కనబడాలంటే మనుషులు అడ్డు రాకూడదని మా పనిలో మొదటి పాఠం. ఆ హాలు ఎంత పొడవో ఇవాళ తెలిసింది నాకు. వేడి గిన్నె పట్టుకుని అత్త వంటింటి నుంచి తొట్టి దాకా పోతుంటే, మధ్యలో ఒకచోట చెయ్యి మార్చుకుంటుంది. అంత పొడవు.

కానీ మనిషి చిక్కదు! కెమెరా ఎత్తితే చాలు, స్తంభం చాటుకు పోతుంది. "ఒక్కచోట ఉండవే మహాతల్లీ!" అని అరిచాను. "పొయ్యి మీద ఇడ్లీ పెట్టుకోని నీ బొమ్మ కోసరం నిలుచుకునేదా?" అని నాకు రెండింతలు అరిచింది. రాత్రి అన్నంలో నెయ్యి ఎక్కువ వేసింది. సంధి.

జూలై 13
అత్త ఉతికిన చీర కట్టుకుని, హాల్లో మంచం మీద తనంతట తనే కూర్చుంది. "తీయి." కెమెరా పెట్టాను. షట్టర్ నొక్కబోతుంటే అడిగింది.
"ఏమే, నేను పడితే ఇంటి వెల తగ్గిపోదా?"
"తగ్గనీ. కదలవద్దు" అన్నాను. నొక్కాను.

వచ్చింది ఫోటో. అత్త వంగి తెరలో చూసుకుంది, చాలాసేపు. "అడియమ్మా, ఇంత లావైతినా!" తరవాత, మామలకు పంపుతానంటే నా చెయ్యి పట్టుకుంది.
"వద్దే. ఫోటో అయితే చూసి ఫోన్ మూసేస్తారు. రేపు ఎట్లాగూ వస్తారు గదా. నేనే ఈడ కూర్చోనుంటా."

జూలై 14
తిన్నె మీద రాస్తున్నాను. అత్త స్నానం చేసి, అప్పటి నుంచి మంచం మీదే ఉంది. టీచర్లకు ఇవాళ ఇడ్లీ లేదని చెప్పి పంపేసింది. చేతులు ఏం చేయాలో తెలియక చీర కొంగు మడుస్తోంది, విప్పుతోంది.

కారు. రెండు కార్లు. పెద్దమామ గొంతు, చిన్నమామ గొంతు, ఇల్లు కావాలన్నవాళ్ల ఇంగ్లీషు మాటలు. చెప్పులు విడుస్తున్నారు.
అత్త లేచి నిలబడింది.
"కూర్చో అత్తా."
"నీళ్లు ఈయొద్దా కన్నూ, ఇంటికొచ్చినోళ్లకి?" వంటింటి వైపు ఒక అడుగు వేసింది. ఒక చెయ్యి ఇంకా మంచం పట్టె మీదే ఉంది...