నార్వే తర్వాతి పుస్తకం

కౌంటీ గ్రంథాలయాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరి శాఖలో ‘ప్రయాణం’ అను పుస్తకమును యాత్రల అర నుండి కథల అరకు మార్పించుట గురించి.

సదరు శాఖ పాఠకురాలు డెర్వ్లా హెనెగన్ సవినయముగా విన్నవించుకొనునది:

1. సదరు పుస్తకం యాత్రల గురించినది కాదు. ఈ దేశంలో ఒక ఆడపిల్ల ‘ప్రయాణం చేసింది’ అని గొంతు తగ్గించి చెబితే అర్థం ఒకటే. గర్భం తీయించుకోవడానికి సముద్రం దాటి ఇంగ్లండు వెళ్లిందని.

2. కౌంటరులోని శ్రీమతి కాంకనన్ గారిని అడిగాను. “అట్ట మీద ప్రయాణం అని ఉంటే యాత్రల్లో పెట్టక వంటల్లో పెట్టనా తల్లీ?” అన్నారు. ఎవరూ చూడకుండా నేనే కథల్లోకి మార్చాను. “ఎవరో పుస్తకాలు కలిపేస్తున్నారు!” అని మళ్లీ తెచ్చి నార్వే పక్కన పెట్టారు.

3. మా అమ్మ ఈ దీవి దాటి ఎరుగదు. యాత్రల అరను ఎడమ నుంచి వరుసగా చదువుతుంది. “ఈ వారం నార్వేలో ఉన్నానే, చలికి చస్తున్నా, కాస్త టీ పెట్టు” అంటుంది. నార్వే తర్వాతది ఆ పుస్తకమే.

4. ఆ పుస్తకం రాసినది నేను. అట్ట మీద పేరు మార్చుకున్నాను. కడుపులో బిడ్డకు తల ఎముక ఏర్పడలేదని, పుట్టినా బతకదని ఆసుపత్రిలో చెప్పారు. అప్పటి చట్టం ప్రకారం ఇక్కడ వారు చేయగలిగింది ఏమీ లేదు. “కావాలంటే మీరు ప్రయాణం చేయవచ్చు” అన్నారు డాక్టరు గారు, తలుపు వైపు చూస్తూ. తర్వాత చట్టం మారింది. నాకది అందలేదు.

5. లివర్‌పూల్‌లో పెద్ద గ్రంథాలయం చూసి వస్తానని అమ్మతో చెప్పాను. గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టిచ్చి, “నాకూ ఏమైనా తేవే” అంది. ఓడ బొమ్మ ఉన్న గుడ్డ తెచ్చాను, పాత్రలు తుడుచుకునేది. వాడితే మాసిపోతుందని పొయ్యి పైన తగిలించింది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. కథలో ఆ గుడ్డ ఉంది. తీసేసి చూశాను. కథ నిలబడలేదు.

సిస్టర్ల బడిలో చదివినదానను. ఇటువంటి మాట అమ్మ ఎదుట నోటితో చెప్పుట నాకు చేతకాదు. కావున అమ్మ నార్వే ముగించేలోగా పుస్తకమును అక్కడి నుండి తీయించవలెనని, ఈ చిన్న మనవిని పెద్ద మనసుతో చిత్తగించవలెనని వేడుకొనుచున్న

తమ విధేయురాలు,
డెర్వ్లా హెనెగన్

తా.క. దీనిని ఇంకా పోస్టు చేయలేదు. ఈ ఉదయం చూస్తే పొయ్యి పైన గుడ్డ లేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి బల్ల మీద పెట్టి ఉంది. దాని కింద నా పుస్తకం. అమ్మ అటు తిరిగి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది.

“నా శాండ్‌విచ్‌లు తిన్నావా?” అంది.

“లేదమ్మా. ముందు ఏమీ తినకూడదన్నారు.”

“మరి వచ్చేటప్పుడో?”

నేను గుడ్డ మడత విప్పి మళ్లీ మడిచాను. కత్తి ఆగిపోయింది.

పుస్తకం అర మార్చనక్కరలేదు. అమ్మ దానిని తిరిగి ఇవ్వనంటున్నది. దయచేసి గడువు పొడిగించవలెను.