విల్లు మోత

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. నర్సు ఉద్యోగం చేసేవాళ్ళకు పిల్లి తుమ్మినా జబ్బే కనిపిస్తుందని మీ బావ నవ్వుతున్నారు. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టిన పసివాడు దూది ధూళికి కాస్త రొప్పడా? మేమంతా దగ్గుతూనే ఇంతవాళ్ళమయ్యాం.

మనవడు బుద్ధిమంతుడు. వాడి అక్క పురిట్లో ఏడ్చి ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. వీడు నోరెత్తడు. పాలకు కూడా ఏడవడు. లేపి పట్టిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తాడు. పాలు నిలిచిపోయి కోడలికి రొమ్ములు సలుపుతున్నాయి. దానికేదైనా మందుంటే రాయి.

ఇంకో ముచ్చట చెప్పాలి. మా అబ్బాయి వసారాలో విల్లుతో దూది ఏకుతుంటే, అది మోగినట్టే వీడూ ఊపిరి ఊపిరికీ మూలుగుతున్నాడు. "అప్పుడే పని నేర్చుకుంటున్నాడమ్మా" అని వాళ్ళ నాన్న మురిసిపోతున్నాడు. నిన్న అబ్బాయి విల్లు పక్కన పెట్టి భోజనానికి లేచినా, వీడు మాత్రం ఆపలేదు.

చొక్కా విప్పి, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయేమో చూడమన్నావు. పోతుంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తెమ్మన్నావు. కాళ్ళు చల్లగా ఉన్నాయని ఇప్పుడే రెండో చొక్కా తొడిగి, బొంత కప్పాను. అవన్నీ ఎలా విప్పను?

ఇది రాస్తుండగానే మూలుగు ఆగింది. "నిద్రపట్టినట్టుంది అత్తయ్యా, కదిలించకండి" అంటోంది కోడలు.

లేచాక విప్పి చూస్తాను.

నీ అక్క