గుండుగాడి గడువు

చిట్టితల్లికి,

ఈ నెలా రాలేను. నీకు ఒళ్లు మండుతుందని తెలిసే రాస్తున్నాను. మా జూలో తల్లి చచ్చిపోయిన చింపాంజీ పిల్ల, అదే మా గుండుగాడు, పుట్టిన దగ్గర్నుంచీ నా దగ్గరే పెరుగుతున్నాడు కదా. వాడిదీ నీ కూతురిదీ ఇంచుమించు ఒకే వయసు. బుజ్జిది ఇప్పుడిప్పుడే కూర్చుంటోందని రాశావు. వీడు తాడు పట్టుకుని పైకప్పు దాకా పోతున్నాడు, నా కళ్లజోడుతో సహా.

ఈ చింపాంజీల మెదడు తొందరగా ఎదిగి తొందరగా కుదురుకుంటుందట, మా జూ డాక్టరుగారు చెప్పారు. తోటివాళ్లతో అలకలు, సర్దుబాట్లు ఈ వయసులోనే నేర్వాలి. ఆలస్యమైతే వాడు అటు చింపాంజీ కాడు, ఇటు మనిషీ కాడు. గుంపులో ఒక ముసలిది ఉంది, పెద్దమ్మ అంటాం. దాని ఒళ్లో వీణ్ణి పెట్టేదాకా కదలను.

మీ అమ్మ

అమ్మా,

కన్నకూతుర్ని వదిలేసి కోతిపిల్లకి ఆయాగా కుదిరావన్నమాట. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

పక్కింటి పాప అప్పుడే నిలబడుతోంది. బుజ్జిదాన్ని దిండ్ల మధ్య నిలబెట్టి అలవాటు చేయమని మా అత్తగారు ఒకటే పోరు. దీని బుర్ర సరిగ్గా ఎదుగుతోందా? ఎవర్నీ అడగలేక నిన్నడుగుతున్నాను.

నీ కూతురు

బంగారూ,

నిలబెట్టకు. మనిషి పిల్లల మెదడు పుట్టాకే ఎక్కువ పెరుగుతుందట, అదీ ఏళ్ల తరబడి. ఆ నిదానంవల్లే మాటలూ పాటలూ పేచీలూ అన్నీ పట్టేంత చోటొస్తుందట. తరతరాలుగా మన జాతి సంపాదించుకున్నది ఈ ఆలస్యమేనట. వెనకబడిందని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు. అయినా నీ మనశ్శాంతి కోసం పిల్లల డాక్టరుకి చూపించు.

ఇక్కడే పని సాగడం లేదు. పెద్దమ్మ చెయ్యి చాపుతుంది. వీడు రెండడుగులు వేసి, వెనక్కొచ్చి నా చొక్కా పట్టుకుంటాడు. భయపడకూడదని రోజంతా ఊచల దగ్గరే కనబడేలా కూర్చుంటున్నాను. ఇలాగే ఉంటే వేరే బోనులో ఒంటరిగా పెట్టేస్తామంటున్నారు పైవాళ్లు. నా కంఠంలో ప్రాణముండగా పెట్టనివ్వను.

అమ్మ

అమ్మా,

డాక్టరు చూశారు. బుజ్జిదానికి ఏ లోపమూ లేదు. దిండ్లు అటకెక్కాయి.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి. నన్ను బళ్లో వేసిన కొత్తల్లో నువ్వు గేటు దగ్గర నిలబడ్డంతసేపూ నేను ముద్ద ముట్టేదాన్ని కాదు. టీచరు నిన్ను కసిరి పంపేసింది చూడు, నువ్వు మలుపు తిరిగాకే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

వాడికి కనబడకమ్మా. నాకు కనబడు.

నీ కూతురు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం మా జూ డాక్టరుగారికి చూపించాను. ఆయనకీ అదే తోచిందట, నా ముఖం చూసి నోరు మెదపలేకపోయారట.

ఈ పొద్దున గుండుగాణ్ణి లోపల వదిలి, వెనక తలుపు గుండా వచ్చేశాను. వాడు అరిచాడు. నేను మేత గదిలో కూర్చుని ఏడ్చాను. చాలాసేపటికి అరుపులు ఆగాయి. వెళ్లి చూడలేదు. పెద్దమ్మ పొట్ట కరుచుకుని నిద్రపోయాడని డాక్టరుగారే వచ్చి చెప్పారు.

నేను మళ్లీ కనబడితే వాడు ఊచల దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. అందుకే నన్ను పక్షుల వైపు మార్చమని అడిగాను, ఒప్పుకున్నారు. ఇక వాణ్ణి చూడను.

ఆదివారం బండికి వస్తున్నాను. నన్ను చూసి బుజ్జిది కొత్త చేస్తే చేయనీ, అలవాటు పడటానికి దానికి బోలెడు కాలముంది. స్టేషనుకి దాన్ని ఎత్తుకునే రా. చేతులు ఖాళీగా ఉంటే నేను ఉండలేకపోతున్నాను.

అమ్మ