చిరిగిన స్పీకరు

మార్చి 2, సోమవారం

రిపేరుకు మోటార్లు మూడు వచ్చాయి. రెండింటికి వైండింగు పూర్తయింది.

సాయంత్రం చెల్లెలు షెడ్డుకు వచ్చింది. డ్రమ్ముల మీది దుప్పటి తీసి, కూర్చోకుండానే చెప్పేసింది. ఆదివారం షో అయ్యాక తనిక వాయించదట. పద్నాలుగేళ్ళు చాలు అంది. సరే అన్నాను. అంతేనా అంది. అంతే అన్నాను.

తర్వాత మా ‘గరగర’ పాట రెండుసార్లు వాయించాం. రెండోసారి తను తాళం మరీ పరుగెత్తించింది. అందుకోలేక ఒక చోట తీగ వదిలేశాను.

మార్చి 3

కుదురు లేదు. కాయిల్ చుట్ల లెక్క తప్పి మొత్తం విప్పాల్సి వచ్చింది. నాకు ఇలా ఎప్పుడూ కాలేదు.

మా బ్యాండులో ఉన్నది ఇద్దరమే. గిటారు నేను, డ్రమ్స్ చెల్లెలు. పాటలు ఇరవై దాకా ఉన్నాయి గానీ జనం అడిగేది ఒక్క ‘గరగర’నే. అందులో మాటలు నాలుగు ముక్కలు కూడా ఉండవు, అంతా గిటారే. ఆ గిటారుకు ఆ గొంతు ఇచ్చేది నా పాత ఆంప్లిఫయరు, మా మాటల్లో ఆంప్. దాని స్పీకరుకు అరచెయ్యంత చిరుగు ఉంది. ముందు జాలీ ఎప్పుడో ఊడిపోయింది. తీగ మీటితే రేకు డబ్బాలో కంకర దొర్లించినట్టు మోగుతుంది. అదే పాట.

చెల్లెల్ని ఉండిపొమ్మని అడగాలి. చిన్న మాట.

మార్చి 4

అడగలేదు.

మార్చి 5, సాయంత్రం 6

షెడ్డులో ఆంప్ లేదు. చుట్టుపక్కలంతా వెతికాను. అరగంటకు బావ, అంటే చెల్లెలి భర్త, దాన్ని భుజాన మోసుకుని వచ్చాడు. అతను సోఫాలు కుడతాడు. చెయ్యి మంచిది. స్పీకరు చిరుగు మీద పల్చటి తోలు ముక్క అంచు కనబడకుండా అతికించాడు. అయ్యో బావగారూ, ఇన్నేళ్ళూ చిరుగు పెట్టుకుని స్టేజీ ఎక్కారా, నాతో ఒక్క మాట అనకూడదూ అన్నాడు. ఆఖరి షో కదా, తన తరఫున కానుకట.

గిటారు తగిలించి ‘గరగర’ మొదలుపెట్టాను. జోలపాటలా వచ్చింది. చెల్లెలు కర్రలు ఒళ్ళో పెట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత ఆ కళ్ళు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. బావ మొహం మాడిపోయింది. బాగుంది అన్నాను.

మార్చి 6

తోలు ఊడదు. అతని జిగురు అలాంటిది.

ఇంకో పాత స్పీకరు తెచ్చి బ్లేడుతో కోశాను. ముక్కు దిబ్బడ పట్టిన గొంతు. మ్యూజిక్ షాపాయన గిటారు గొంతు మార్చే పెడల్ ఇచ్చాడు. సీసాలో కందిరీగ మోత. ఆయన వింటూ, నీ చేతుల్లో ఏం తప్పు లేదయ్యా, ఇంక దేనికోసం వెతుకుతున్నావ్ అన్నాడు. పెడల్ వెనక్కిచ్చేసి వచ్చాను.

పాత నోటు పుస్తకాలు తీశాను. ఆ చిరుగు పడిన రోజు దొరికింది. ‘జూలై 11. మోటార్లు 2. స్పీకరు చిరిగింది. ఎలుక కావచ్చు. వాయిస్తే ఏదో కొత్తగా ఉంది.’ పాట కట్టింది ఆ మర్నాడే.

మార్చి 7

ఆ పేజీ చెల్లెలికి చూపించాను. చదివి, ఎలుకేంటన్నయ్యా, నేనే అంది.

అమ్మ పోయిన నెల అది. పదిహేను రోజులు నువ్వు నాతో నోరు విప్పలేదు, మోటార్లు చుట్టుకుంటూ కూర్చున్నావు అంది. ఇంట్లో ఇద్దరమే, నాకు పిచ్చెక్కి నీ ఆంప్‌ని ఒక్క తన్ను తన్నాను, అప్పుడైనా తిడతావనుకున్నా. నువ్వేమో దానికి గిటారు తగిలించి పాట కట్టావు.

నోటు పుస్తకం మూశాను. మొన్న నేను మానేస్తానన్నప్పుడూ అంతే, ‘సరే’ అన్నావు అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ పదిహేను రోజుల పేజీలు వెతికి చూశాను. మోటార్లు 3. మోటార్లు 2. మోటార్లు 4. అమ్మ మాటే లేదు.

మార్చి 8, మధ్యాహ్నం 3

ఇది హాలు వెనక గదిలో రాస్తున్నాను. షో ఆరింటికి.

సౌండ్ చెక్‌కు ముందు ఆంప్ మోసుకెళ్ళి చెల్లెలి ఎదురుగా పెట్టాను. వెళ్ళొద్దు అన్నాను. వినబడలేదంది. వినబడింది, నాకు తెలుసు. నువ్వు లేకపోతే నాకు వాయించబుద్ధి కాదు, ఒక్కణ్ణీ షెడ్డులో కూర్చోలేను అన్నాను. అమ్మ పోయినప్పుడు నాకు మాటలు రాలేదు, నీ మీద కోపం కాదు అని కూడా అన్నాను. 

తను కర్ర వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. ఈ ముక్కకి పద్నాలుగేళ్ళు పట్టిందా నీకు అంది.

తర్వాత లేచి ఆంప్ ముందు నిలబడింది. సామాను మోసుకొచ్చిన బావ వైపు చూసి, ఏమండీ, చెప్పులా బూట్లా అని అడిగింది. అతను గోడ వైపు తిరిగిపోయి, ఆ తోలుకి బూట్లే మేలు అన్నాడు.

తోలు చిరగడానికి నాలుగు తన్నులు పట్టింది.

మార్చి 9

చెల్లెలి బొటనవేలు వాచింది. డ్రమ్ము పెడల్ తొక్కేది ఆ కాలితోనే. గురువారం దాకా వాయించడానికి షెడ్డుకు రాలేనంది.